బ్యాగులో ఉండిపోయిన కడియం

"నేను తెలివి తప్పి పడిపోయిననుకోండి మేడం. ఎవలో మంచికని ఎత్తుకపోయి, కడుపు నొస్తుందేమోనని నొప్పి సూది ఏపిస్తరు. అప్పుడు నా గతేంది?"

అడిగింది కండక్టర్ కృపారాణి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే పొద్దుటి బస్సు తాడ్వాయి దాటింది. టికెట్ల పని ఒక కొలిక్కి వచ్చాక ఆమె తన సీట్లో కూర్చుని, మిషన్ ఒళ్లో పెట్టుకుని, పక్క సీట్లో ఉన్న ప్రణీతకు మాత్రమే వినబడేలా ఆ మాట అంది. ప్రణీత ఎల్లారెడ్డిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంది. మూడేళ్ల కొడుకు శశాంక్‌ను కామారెడ్డిలో పిల్లలను చూసుకునే గంగాబాయి దగ్గర విడిచిపెట్టి రోజూ ఈ బస్సే ఎక్కుతుంది. సైన్సు మేడం కదా, ఒంటి సంగతులు తెలిసే ఉంటాయని కృపారాణి నమ్మకం.

కృపారాణికి నలభై నాలుగేళ్లు. రెండేళ్ల కిందటి వరకు నూట పద్దెనిమిది కిలోలుండేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ దారి బస్సులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. జీరో టికెట్లు కొట్టుకుంటూ ఆమె వెనకనుంచి ముందుకు రావాలంటే సగం మంది ఒదిగి నిలబడాలి. డ్రైవర్ నగేశ్ అద్దంలో చూసి అరిచేవాడు.

"కృపక్క వస్తుంది, జరుగుండ్రి! బస్సు ఒరుగుతది!"

"ఒరిగితే నీ దిక్కే ఒరుగుతది గని, ముందల చూసి నడుపు" అనేది ఆమె. బస్సంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది. సాయంత్రం డ్యూటీ దిగాక మాత్రం మోకాళ్లు పట్టుకుని డిపో మెట్ల మీద కూర్చునేది. ఇంటికి పోయే దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పి సూది వేయించుకునేది. వారానికి రెండు, ఒక్కోసారి మూడు. దానికి తోడు షుగరు. చివరికి హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ చేశారు. పొట్టలో చాలా భాగాన్ని పక్కన పెట్టేసి, పైన కోడిగుడ్డంత సంచి మాత్రం మిగిల్చి, పేగును మళ్లించి దానికి కలిపారు. "దర్జీ లెక్క పట్టి కుట్టిండ్రు మేడం" అనేది కృపారాణి. ఏడాదిన్నరలో నలభై రెండు కిలోలు తగ్గింది. షుగరు మందులు మానేసింది. ఇప్పుడు నిండు బస్సులో ఆ చివరనుంచి ఈ చివరకు సూదిలో దారంలా వచ్చేస్తుంది.

అయితే ఆ కుట్టుతో కొన్ని షరతులు కూడా వచ్చాయి. నొప్పి సూదులు, నొప్పి గోలీలు ఇక జన్మలో వాడకూడదు. పొట్టకు పేగు కలిపిన చోట పుండు పడుతుంది, రక్తం కారుతుంది. తెలివి తప్పినవాళ్లకు ముక్కులోంచి గొట్టం దింపుతారు కదా, అదీ అలవాటు ప్రకారం గుడ్డిగా దింపకూడదు. ఆ చిన్న సంచి చిరుగుతుంది. తీపి ఎక్కువైతే గంటా రెండు గంటల తర్వాత ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇవన్నీ కార్డు మీద రాసిచ్చిన డాక్టరు, "కార్డు బ్యాగులో ఉంటది, బ్యాగు ఒక దిక్కు, మీరు ఒక దిక్కు పడుతరు. ఒంటి మీద ఉండేటట్టు ఏదన్న చేయించుకోండి" అన్నాడు.

ఆ చేయించడం ప్రణీత మీద పడింది. బజారులో సన్నటి స్టీలు కడియం కొన్నారు. మీద వేలెడంత బిళ్ల ఉంది. దాని మీద రాయించడానికి సిద్ధిరాములు దగ్గరికి తీసుకుపోయింది. స్టీలు సామాన్ల దుకాణం ముందు మిషన్ పెట్టుకుని పెళ్లి గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి అతను.

"ఎవల పెండ్లి మేడం?" అన్నాడు తల ఎత్తకుండానే.

"పెండ్లి కాదన్నా. ఈ కాయితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టు."

సిద్ధిరాములు కాయితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇంటిపేరు కానొస్తలేదు. గిదేం భాష?"

"ఇంగ్లీషే."

"నాకొచ్చిన ఇంగ్లీషు గిట్ల లేదు మరి" అని కొట్టిచ్చాడు.

ప్రణీత రెండు రాత్రులు చదివి రాసిన వాక్యం అది. ఆర్‌వైజీబీ, నో ఎన్‌సెయిడ్స్, నో బ్లైండ్ ఎన్‌జీ. అంటే ఆపరేషన్ పేరు పొడి అక్షరాల్లో, ఆపైన నొప్పి మందులు వద్దు, గుడ్డిగా ముక్కు గొట్టం వద్దు అని. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. బిళ్ల మీద సరిగ్గా సరిపోయింది. ప్రణీతకు చాలా తృప్తిగా అనిపించింది.

కడియం పెట్టుకున్న తొలిరోజే బస్సులో గొడవ. "ఏంది కృపక్కా, దర్గాల కట్టిచ్చినవా?" అని ఒకామె అడిగితే, "సన్నగైనంక సోకులు మొదలైనయ్ అక్కకు" అని ఇంకొకామె అంది. కృపారాణి నవ్వి ఊరుకుంది. బస్సులో మాటలు ఆమెకు లెక్క కాదు. కష్టం వేరేచోట వచ్చింది.

కృపారాణి పోయే సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. గాజులు, కమ్మలు, ఏవీ పెట్టుకోరు. పందొమ్మిదో ఏట ఆమె తన గాజులు తానే తీసి తల్లి చేతిలో పెట్టి నీళ్లలోకి దిగింది. పాతికేళ్లుగా బోసి చేతులతోనే ఉంది. ఆ చేతులంటే ఆమెకు లోలోపల గర్వం. పదిహేనేళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు వాక్యాలు నేర్పుతున్నది కూడా ఆమే. నగ పెట్టుకున్న మనిషి పిల్లలకు ఏం నేర్పుతుందని ఎవరైనా అంటే ఆ బడి పోతుంది. ఆ భయం ఆమెకు ఆపరేషన్ భయం కన్నా పెద్దది.

అత్త మరియమ్మ ఆ మాట ఇంట్లోనే అనేసింది. "పాతికేండ్లు ప్రభువు ముందర ఉత్త చేతులతోని నిలబడ్డవ్. జబ్బలు సన్నగైనయో లేదో కడెం ఎక్కిందా?"

"ఇది సొమ్ము కాదత్తమ్మా. డాక్టరు పెట్టుకొమ్మన్నడు."

"డాక్టరు కడుపు కోసిండు. చేతుల సంగతి ఆయనకెందుకు?"

దాంతో కృపారాణి ఒక ఏర్పాటు చేసుకుంది. డ్యూటీ రోజుల్లో కడియం చేతికి ఉంటుంది. మందిరానికి పోయే రోజు తీసి, రుమాలులో చుట్టి, బ్యాగులో పాటల పుస్తకం పక్కన పెట్టుకుంటుంది. ప్రణీతకు ఈ సంగతి తెలిసి ఊరుకోలేకపోయింది.

"అక్కా, మందిరంలో మాత్రం పడిపోరా?"

"ప్రభువు సన్నిధిల పడిపోతనా మేడం?" అంది కృపారాణి. వెంటనే మిషన్ తీసుకుని టికెట్లకు లేచింది.

ఇంకో రోజు లింగంపేట దగ్గర బస్సు ఆగి ఉన్నప్పుడు ప్రణీత తన సంగతి చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. శశాంక్‌కు పుట్టుకతో రక్తంలో ఒక ఎంజైము తక్కువ. మామూలుగా ఉంటే ఏమీ తెలియదు, గంతులేసి ఆడుకుంటాడు. కానీ కొన్ని మలేరియా మందులు, కొన్ని సల్ఫా మందులు, బట్టల మధ్య వేసే కలరా ఉండలు వాడికి పడవు. ఒంట్లోకి పోతే ఎర్రకణాలు చిట్లిపోతాయి. ఈ లోపం తల్లి వైపు నుంచి కొడుక్కి వస్తుంది. ప్రణీత తన క్లాసులో బోర్డు మీద గీతలు గీసి చెప్పే పాఠమే అది. సదాశివనగర్‌లో ఉండే అత్త ప్రమీలమ్మకు మాత్రం చెప్పలేకపోయింది. "మీ దిక్కు రక్తం" అంటారని భయం. గంగాబాయికి చెబితే ఆ వీధంతా తెలుస్తుందని భయం. అందుకే భర్తకు, తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. గంటకోసారి గంగాబాయికి ఏదో వంకతో ఫోన్ చేస్తుంటుంది.

కృపారాణి అంతా విని, "పిల్లగాడు మంచిగనే ఉంటడు మేడం" అని మాత్రం అంది. ఈలోగా నగేశ్ హారన్ కొట్టాడు.

ఆ నెలలోనే ప్రణీత కాలేజీ అటెండర్ కూతురి పెళ్లి ఎల్లారెడ్డిలో జరిగింది. అతనిదీ కృపారాణి సంఘమే. ప్రణీత శశాంక్‌ను తీసుకుని వెళ్లింది. మందిరం పక్క టెంటు కింద భోజనాలు. కృపారాణి తెల్లచీర కట్టుకుని, బోసి చేతులతో, ఆడవాళ్ల వరసలో వడ్డిస్తోంది. సంఘంలో అందరికీ ఆమె ఆపరేషన్ గురించి తెలుసు, కానీ వాళ్ల లెక్కలో అది కొవ్వు తీయించుకోవడం.

"కొవ్వు పోయింది గద, ఇగ భయమేంది? తిను!" అని పెళ్లికూతురి మేనత్త డబుల్ కా మీఠా గిన్నె పట్టుకుని నిలబడింది.

"వద్దు వదినె, పడదు."

"మా పిల్ల పెండ్లిల నోరు తీపి చెయ్యవా? ఒక్క చెంచ."

ఒక్క చెంచా నాలుగయ్యాయి. గంటన్నర తర్వాత విస్తళ్లు ఎత్తుతూ కృపారాణి ఆగిపోయింది. ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఒక చేయి కడుపు మీద పెట్టుకుని కుర్చీ కోసం చూసింది, కుర్చీ అందక కిందికి జారిపోయింది.

మందిరం వెనక గల్లీలోనే ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. నలుగురు ఆడవాళ్లు ఎత్తుకుని అక్కడికే తీసుకుపోయారు. శశాంక్‌ను చంకనెత్తుకుని ప్రణీత వెనక పరుగెత్తింది. లోపలికి పోయేసరికి మరియమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని ఉంది. "కడుపు పట్టుకొని పడ్డది సారూ! ఓ నొప్పి సూది ఎయ్యి, జల్ది!" ఆర్‌ఎంపీ అప్పటికే సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"ఆగండి! ఆ సూది వేయొద్దు!" అంది ప్రణీత.

ఆయన తిరిగి చూశాడు. "మీరు డాక్టరా మేడం?"

"కాదు. జువాలజీ లెక్చరర్ని."

"కప్పలు కోసే మేడం" అని ఎవరో వెనక నుంచి అన్నారు.

"ఆమెకు పొట్ట ఆపరేషన్ అయింది. ఆ సూదితో లోపల పుండు పడుతది. చేతికి కడియం ఉంది, దాని మీద రాసి ఉంది, చూడండి!"

ఆర్‌ఎంపీ కృపారాణి రెండు చేతులూ ఎత్తి చూశాడు. రెండూ బోసిగా ఉన్నాయి.

మందిరానికి వచ్చే రోజు కడియం బ్యాగులో ఉంటుందని ప్రణీతకు అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మా, అక్క బ్యాగేది?" అని మరియమ్మను అడిగింది. బ్యాగు ముసలామె భుజానికే ఉంది. మరియమ్మ గబగబా జిప్పు తీసి, పాటల పుస్తకం పక్కనున్న రుమాలు విప్పి, కడియం ఆర్‌ఎంపీ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకుని అక్షరం అక్షరం చదివాడు.

"ఆర్... వై... జీ... బీ. ఇదేమన్న కంపెనీ పేరా?"

ప్రణీత తానెంతో తృప్తిగా రాసిన వాక్యం ఆ మనిషి చేతిలో మూగదై పడి ఉంది. ఇక తానే విప్పి చెప్పింది. పొట్టను ఎట్లా మళ్లించారో, నొప్పి సూది ఎందుకు వద్దో, గొట్టం ఎందుకు దింపొద్దో. "ముందు చక్కెర చూడండి సార్. తీపి తిన్నది, చక్కెర పడిపోయి ఉంటది."

ఆర్‌ఎంపీ ఒక్క క్షణం ఆలోచించాడు. సిరంజి పళ్లెంలో పెట్టి, కృపారాణి వేలు గుచ్చి మిషన్‌లో చూశాడు. నలభై ఆరే ఉంది, డెబ్బైకి తగ్గకూడదు. ఆ తర్వాత ఆయన చేతులు తడబడలేదు. నరం దొరికించుకుని గ్లూకోజు ఎక్కించాడు, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాడు.

పది నిమిషాలకు కృపారాణి కళ్లు తెరిచి చుట్టూ చూసింది. "ఏం స్టేజీ ఇది?" అంది.

అంతమంది ఆడవాళ్లూ ఒక్కసారిగా నవ్వారు. మరియమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవడానికి ఆటో పిలిచారు. ఈలోగా ఆర్‌ఎంపీ చేతులు కడుక్కుంటూ ప్రణీతతో అన్నాడు. "మీరు చెప్పింది నిజమే మేడం. కని గిది నాలాంటోని కోసం రాసిన్రా, హైదరాబాద్ డాక్టర్ కోసం రాసిన్రా? పడిపోయినోళ్లు ముందల నా దగ్గరికే వస్తరు."

ప్రణీత కడియం తీసుకుని మళ్లీ ఒకసారి చదివింది. అప్పుడే శశాంక్ రెండుసార్లు తుమ్మాడు. "బాబుకు సర్ది పట్టినట్టుంది, ఒక గోలీ ఇయ్యనా?" అన్నాడాయన. "వద్దు సార్, ఇంట్లో ఉంది" అని ప్రణీత గబగబా బయటకు వచ్చేసింది.

మరుసటి వారం సిద్ధిరాములు కడియం బిళ్ల వెనక వైపు కొట్టాడు. ఈసారి ఏ భాషని అడగలేదు. "కడుపు ఆపరేషన్ అయింది. నొప్పి సూది వద్దు. ముక్కుల గొట్టం వద్దు. ముందు చక్కెర చూడండి." కింద ఇంటి ఫోన్ నంబరు. కొట్టినంతసేపూ పైకి చదువుతూనే ఉన్నాడు. "గిట్ల ఉండాలె మేడం, కొట్టేటోనికి గుడ సమజ్ అయితది" అన్నాడు.

కడియం తయారైంది గానీ, ఆదివారం అది చేతికుంటుందా, బ్యాగులో ఉంటుందా అన్నది కృపారాణి చెప్పలేదు. ఆ ఆదివారమంతా ప్రణీత మనసు అక్కడే ఉంది. సోమవారం బస్సెక్కగానే చూసింది. చేతికి ఉంది. అది డ్యూటీ రోజు కాబట్టి దాన్నిబట్టి ఏమీ తెలియదు. తాడ్వాయి దాటేదాకా ఆగింది.

"పోయిన మేడం, పెట్టుకొనే పోయిన" అంది కృపారాణి సీట్లో కూర్చుంటూ. "సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి నిలబడ్డ. చెయ్యి పైకెత్తిన. ముందల వరస ఆడోళ్లు ఒకలి ముఖం ఒకలు చూసుకున్నరు. మా సంఘ పెద్ద జోయల్ అన్న అడిగిండు, 'సోదరీ, అది సొమ్మా?' అని."

"మీరేమన్నరు?"

"అన్నా, మీ ముక్కు మీద అద్దాలు సోకా అన్న. పిల్లలు కిసకిస నవ్విన్రు. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నడు, మళ్ల పెట్టుకున్నడు. అప్పుడు అంతా చెప్పిన. కొవ్వు తీయలేదు, కడుపు మళ్లిచ్చిన్రు అని. పెండ్లిల ఎందుకు పడ్డనో చెప్పిన. ఇది సొమ్ము కాదు, నా చీటీ అని చెప్పిన."

"తర్వాత?"

"జోయల్ అన్న ఏమన్నడంటే, 'సోదరి చెప్పింది విన్నరు గద, ఎవలన్న తిరిగి చెప్పుండ్రి' అన్నడు. మేడం, నూరు మంది ఉన్నరు. ఒక్కలు చెప్పలే! ఒకామె నొప్పి సూది ఎయ్యాలె అన్నది. ఇంకొకామె తీపి పెట్టాలె అన్నది. గింతసేపు చెప్తే గిదా విన్నది అనిపిచ్చింది. ఇగ నా బడి పిల్లలను లేపిన. వాక్యం చెప్పిచ్చినట్టు మూడుసార్లు చెప్పిచ్చిన. 'నొప్పి సూది వద్దు, ముక్కుల గొట్టం వద్దు, ముందు చక్కెర చూడాలె.' నాలుగోసారి వాళ్లే చెప్పిన్రు. అయిదోసారి పెద్దోళ్లు గుడ కలిసిన్రు."

"మరి బడి?"

"ఉన్నది. ఇద్దరు తల్లులు పిల్లలను ఇగ పంపం అన్నరంట, చూద్దాం. మా అత్తమ్మ గుడ పూర్తిగ ఒప్పుకోలే. కొంగు కప్పుకో అంటది. కప్పుకుంటే ఎవలకు కానొస్తది అంటే ముఖం తిప్పుకుంటది. కని పొద్దున బ్యాగు ఇచ్చేటప్పుడు లోపల రుమాలు విప్పి చూసింది, కడెం ఉన్నదా అని. లేదని చూసి జిప్పు పెట్టింది."

బస్సు కొంతదూరం పోయింది. కృపారాణి ఒక టికెట్ కొట్టి వచ్చి మళ్లీ కూర్చుంది. ఈసారి ప్రణీత వైపు తిరిగి కూర్చుంది.

"మేడం, ఒక మాట అంట, కోపం చెయ్యొద్దు. ఆ రోజు సంగతి మా అత్తమ్మ చెప్పింది. నా గురించి అంతమందిల ఎంత గట్టిగ చెప్పిన్రు! అదే సారు మీ పిల్లగానికి గోలీ ఇయ్యనా అంటే ఒక్క ముక్క చెప్పకుండ బయటికి పోయిన్రు."

ప్రణీతకు ముఖం వేడెక్కింది. "జలుబు గోలీనే కదా అక్కా..."

"జలుబు గోలీనే. రేపు జరమొస్తది, మీరు కాలేజీల ఉంటరు, గంగాబాయి ఎవలికో చూపిస్తది. ఆ పొద్దు ఏం గోలీ ఇస్తరో?"

"ఇంట్లో ఏమంటరోనని..."

"అంటరు. నన్ను గుడ అన్నరు. ఒక ఆదివారం అన్నరు."

ఆ సాయంత్రం ప్రణీత గంగాబాయి ఇంట్లో పీట మీద కూర్చుని అంతా చెప్పింది. గంగాబాయి చెంప మీద చెయ్యి పెట్టుకుని విని, "గిందుకా గంటకోసారి ఫోన్ జేస్తవ్? నేను పిల్లగాణ్ని కొడుతున్ననని అనుమానమేమో అనుకున్న" అంది. ఆదివారం సదాశివనగర్‌లో అత్తకు చెప్పింది. ప్రమీలమ్మ "మీ దిక్కు నుంచేనా?" అని మాత్రం అడిగింది. అవునంది ప్రణీత. ప్రమీలమ్మ లేచి పోయి బీరువా తెరిచి, చీరల మడతల్లోంచి కలరా ఉండలు ఒక్కొక్కటీ ఏరి పేపర్లో వేయడం మొదలుపెట్టింది.

శశాంక్ మెడలో ఇప్పుడు చిన్న స్టీలు బిళ్ల ఉంది. సిద్ధిరాములు తెలుగులో కొట్టాడు. అయినా కొత్తగా ఎవరి దగ్గర పిల్లవాణ్ని విడిచిపెట్టాల్సి వచ్చినా ప్రణీత ఆ బిళ్లను నమ్ముకుని పోదు. బడి ఆయమ్మ కానీ, సూది మందు వేసే నర్సు కానీ, ఒక పూట చూసుకునే పక్కింటావిడ కానీ, ముందు చెబుతుంది, తర్వాత వాళ్ల నోటితో వినేదాకా గుమ్మం దిగదు. మందిరం సంగతి చెప్పిన ఆ సోమవారమే బస్సు ఎల్లారెడ్డి స్టాండులో ఆగాక, మెట్టు మీద నిలబడి జనాన్ని దించుతూ కృపారాణి చెప్పిన పద్ధతి అది.

"చెప్పంగనే అయిపోయిందనుకోకుండ్రి మేడం. వాళ్లతోని తిరిగి చెప్పిచ్చుకోండి. తప్పు చెప్తే మళ్ల చెప్పుండ్రి. వాళ్ల నోట్లకెళ్లి సరిగ్గ వచ్చినంకనే పిల్లగాని చెయ్యి ఇడువుండ్రి."